సబ్ర్ - సహనం - ఓపిక

ఖమ్మం నుండి పాల్వంచ మీదుగా భద్రాచలం అడవి అంచు దాకా ఏ ఊరిలోనైనా ఏళ్ళ తరబడి ఒంటినొప్పులతో తీసుకుంటున్న మనిషిని ఎట్లా ఉన్నావని అడిగితే తరచుగా వచ్చే జవాబు, ఓపిక లేదు అని. ఒంట్లో సత్తువ లేదని ఆ మాటకు అర్థం. ప్రసంగాలు విని విని ఉన్న చెవి దానినే మరొక విధంగా వింటుంది. ఈయనకు సహనం లేదు, కనుక ఈమాన్‌లో ఎక్కడో లోటున్నది అని. పరామర్శకు వచ్చినవారు ఒక హితవు చెప్పి వెళ్ళిపోతారు. మంచంమీది మనిషికి నొప్పితోపాటు అపరాధభావం కూడా మిగులుతుంది. తెలుగులో ఇస్లామీ వాఙ్మయం రాసేవారికి, అనువదించేవారికి ఇందులో ఎంత పాలున్నదో పరిశీలింపవలసి యున్నది.

అరబీలో సబ్ర్‌కు మూలార్థం ఆపి ఉంచుట, బిగబట్టుట. హిజ్రీ 751 (క్రీ.శ. 1350)లో మరణించిన ఇబ్నుల్ ఖయ్యిమ్ ఈ ఒక్క గుణంపైనే ప్రత్యేక గ్రంథం రచించారు. అల్లాహ్ సన్నిధిలో మొరపెట్టుకొనుట సబ్ర్‌కు విరుద్ధం కాదనీ, అల్లాహ్‌ను గురించి సృష్టితాల ముందు ఫిర్యాదు చేయుటే విరుద్ధమనీ ఆయన వివరణ. తెలుగు అనువాదాల్లోనూ వ్యాఖ్యానాల్లోనూ దీనికి "సహనం" అన్న మాట స్థిరపడింది. మాట గౌరవమైనదే. కాని వాడుకలో దానిమీద మౌనపు నీడ పడింది. సహనశీలి అనగానే తెలుగువాడికి పెదవి విప్పని మనిషే, అందులోనూ చాలాసార్లు ఇంటి ఆడమనిషే, కళ్ళముందు నిలుస్తుంది.

ఖుర్ఆన్ చూపే సాబిర్‌లు పెదవి విప్పనివారు కారు. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) తనకు బాధ తగిలిందని ప్రభువును పిలిచి చెప్పుకున్న సంగతి 21:83లో ఉన్నది. ఆ పిలిచిన మనిషినే 38:44 సాబిర్ అని మెచ్చుకున్నది. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) సుందరమైన సబ్ర్ తన దారి అని 12:83లో పలుకుతారు. ఆ తరువాతి ఆయత్‌లోనే దుఃఖంతో ఆయన కళ్ళు తెల్లబడిపోతాయి. ఈ రెండు ఆయత్‌లు పక్కపక్కనే ఎందుకున్నవో మన ఉపన్యాసకులు అరుదుగా ఆగి చెబుతారు. అయ్యూబ్ కథను ఎత్తుకుంటే రెండు వాక్యాల్లో చల్లని నీటి ఊట దగ్గరికి చేరుకుంటారు. స్వస్థత, తిరిగి దక్కిన కుటుంబం, దుఆ, సభ సమాప్తం.

ఈ తొందర వారొక్కరిదే కాదు. ఇదే నేలమీద పుట్టిన కథ మరొకటున్నది. నేలకొండపల్లి వాడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారై, సర్కారు పైకంతో భద్రాచలం గుడి కట్టించాడని అబుల్ హసన్ తానాషా ఆయనను గోల్కొండలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్ళని జనశ్రుతి. హరికథల్లోనూ సినిమాల్లోనూ జనం ఎదురుచూసేది తానాషా ముందు రామమాడలు రాశిగా పడే రాత్రికోసం. చెరసాలలో పాడినవిగా చెప్పే కీర్తనలు మాత్రం ఆ రాత్రికి ముందువి. విశ్వాసభేదం స్పష్టమే, దానిపై చర్చ అనవసరం. బాధ ఎటువంటి భాష మాట్లాడుతుందో చూచుటకు అవి పనికివస్తాయి. "ఇక్ష్వాకు కులతిలక" కీర్తనలో ఆయన చేయించిన నగలను, వాటి ఖరీదులను వరుసగా లెక్కచెప్పి నిలదీస్తాడు. ఫిర్యాదు కూడా తహసీల్దారు లెక్కల పుస్తకం లాగే సాగుతుంది! మన అదబ్ ప్రకారం ఆ నిలదీత హద్దు మీరినదే. కాని చివర స్వరం మారుతుంది. దెబ్బలకు తాళలేక తిట్టానే గాని మనసులో పెట్టుకోవద్దని బతిమాలుతాడు. మంచం పక్కన నీళ్ళగ్లాసుతో నిలబడ్డ భార్యను కసురుకొని, కాసేపటికి ఆమె ముఖం చూడలేక గోడవైపు తిరిగిన ప్రతి రోగికీ ఈ మలుపు తెలుసు. కీర్తనలో బలమైన చోటు ఇదే, నగల జాబితా కాదు.

(ఖైదు చేయించిన తానాషా, షాహ్ రాజూ శిష్యరికంలో పెరిగినవాడు, 1687లో గోల్కొండ పడిపోయాక తానే దౌలతాబాదులో బందీగా ఉండి అక్కడే కన్నుమూశాడు. కథ చెప్పేవారు అంతదాకా పోరు.)

అయితే అయ్యూబ్‌కూ గోపన్నకూ విడుదల ఘట్టం ఉన్నది. అది లేనివారి మాటేమిటి? భద్రాచలం ఏజెన్సీ కోయల్లో సికిల్‌సెల్ వ్యాధి ఉన్నది. తల్లిదండ్రుల నుండి సంక్రమించే ఈ జబ్బులో ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. చలికి, దప్పికకు, శ్రమకు ఎముకల్లో నొప్పి మళ్ళీ మళ్ళీ లేస్తుంది. ఈ వ్యాధి నిర్మూలనకు 2023లో జాతీయ పథకం మొదలైంది. ఎండాకాలం నడుము వంచి తునికాకు కోసేవారు, ఇల్లెందు, కొత్తగూడెం గనుల్లో వయసు గడిపి నడుము పోగొట్టుకున్నవారు కూడా ఈ జాబితాలోనివారే. వీరంతా కథ మధ్యలో బతుకుతారు.

అటువంటి వారికి ఎత్తి చెప్పవలసిన పేరు ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజియల్లాహు అన్హు). మొలల వ్యాధితో బాధపడుతూ ఆయన నమాజును గురించి అడిగారు. నిలబడి, చేతకాకుంటే కూర్చొని, అదీ చేతకాకుంటే పక్కకు ఒరిగి పడుకొని చేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సెలవిచ్చారు. బుఖారీలోని ఈ హదీసులో రోగం నయమైన ముచ్చట లేదు, సహనం లేదన్న మందలింపూ లేదు. ఒంటి ఓపిక ఎంతవరకో విధి అంతవరకు వంగింది. అదే గ్రంథంలో రోగుల ప్రకరణంలో, రోగి తన నొప్పి చెప్పుకోవచ్చునని ఒక అధ్యాయమే ఉన్నది. దాని శీర్షికలో అయ్యూబ్ మొర కూడా చేరింది. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) తలనొప్పితో అయ్యో అన్నప్పుడు ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) నోరు మూయించలేదు, తన తల కూడా నొప్పిగానే ఉన్నదని చెప్పారు. కష్టానికి తాళలేక చావు కోరుకోవద్దని వారించిన చోట కూడా, మరీ తప్పనప్పుడు ఏమని దుఆ చేయాలో నేర్పారు. అటువంటి కోరిక మనిషికి కలుగుతుందని తెలిసి నేర్పినదే అది.

ఈ దృష్టితో చూస్తే మన పల్లెమాట "ఓపిక"కు సహనం కంటే ఎక్కువ అర్హత ఉన్నది. మనోనిగ్రహాన్నీ దేహశక్తినీ ఒకే మాటలో ఇముడ్చుకున్న పదమిది. ఓపిక తరిగిపోతుంది, తిండితో, నిద్రతో, మందుతో మళ్ళీ కొంత కూడుతుంది. చికిత్స చేయించుకొమ్మన్న హదీసుకు అందులో చోటున్నది. యుద్ధరంగంలోని సబ్ర్‌కు స్థైర్యమనీ, విధుల విషయంలో నిలకడ అనీ సందర్భాన్నిబట్టి రాసుకోవచ్చు. రోగి విషయంలో మాత్రం అనువాదకులు సహనం అని రాసే ముందు, ఆ వాక్యాన్ని మంచంమీది మనిషికి ఒకసారి చదివి వినిపించి చూడవలసి యున్నది.