చెరసాలలో వ్రాసిన గ్రంథము: దేవుడు ముందెరిగినందున మనము బద్ధులమా?

"తలవ్రాత తప్పునా?" అను మాట మన గ్రామములలో తరచుగా వినబడును. సంఘములో చేరిన తరువాత కూడ కొందరు ఆ మాటను విడువక, బ్రహ్మ పేరు తీసివేసి దేవుని పేరు పెట్టుకొనుచున్నారు. త్రాగుడు మానని వాడు, "దేవుడు ముందే నిర్ణయించెను, నేనేమి చేయగలను?" అనును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ఇరుగుపొరుగువారును ఆ మాటయే చెప్పి వెళ్లుదురు. ఈ చిక్కును గూర్చి పదునైదు వందల సంవత్సరముల క్రిందట వ్రాయబడిన ఒక గ్రంథమును ఇప్పుడు పరిశీలింతము.

గ్రంథకర్త బోయీతియసు. ఇతడు రోమా నగరపు గొప్ప కుటుంబీకుడు, క్రైస్తవుడు. క్రీ.శ. 510లో కాన్సలు పదవి పొంది, తరువాత ఇటలీని ఏలిన థియొడొరిక్కు రాజునొద్ద ఉన్నతాధికారి ఆయెను. రాజద్రోహ నేరము మోపబడి, చెరలో ఉంచబడి, సుమారు 524లో చంపబడెను. ఆ చెరలో అతడు లాటిను భాషలో వ్రాసినదే "తత్త్వజ్ఞానపు ఓదార్పు" అను గ్రంథము. అందులో తత్త్వజ్ఞానము స్త్రీరూపమున వచ్చి ఖైదీతో మాటలాడును. మన ప్రశ్న దాని అయిదవ భాగములోనిది.

నేను రేపు చేయబోవు పనిని దేవుడు నేడే ఎరిగియుండగా నేను వేరొకటి చేయగలనా? చేయలేనియెడల శిక్ష న్యాయమా? ప్రార్థన వ్యర్థము కాదా? భక్తిపేరట ఈ ప్రశ్నను దాచక అడుగుట ఈ గ్రంథమునకు మొదటి సుగుణము.

దానికిచ్చిన జవాబు ఇది. దేవునికి నిన్న, నేడు, రేపు అను వరుస లేదు. సమస్తము ఒక్కసారిగా ఆయన యెదుట ఉన్నది. చూచుట వేరు, చేయించుట వేరు. సూర్యుడు ఉదయించుటయు, మనుష్యుడు నడచుటయు మనము ఒకేసారి చూతుము. సూర్యుడు ఉదయింపక మానడు. మనుష్యుడు తన ఇష్టము చొప్పున నడచుచున్నాడు. మన చూపు అతని కాళ్లను కదల్చదు. మన పొలములలో మంచెమీది కావలివాడు ఎద్దు చేలో పడుట చూచును. అతడు చూచినందున అది చేలో పడలేదు. తలవ్రాత మాటకు ఇది గట్టి జవాబు.

అయినను ఇది చాలదు. మొదటి లోపము: దేవుడు ముందెరుగుటను గూర్చి చెప్పిన ఈ జవాబు ముందుగా నిర్ణయించుటను విప్పదు. రోమా పత్రిక 8వ అధ్యాయములో పౌలు రెండింటిని కలిపి చెప్పి, మనము కుమారుని పోలికలోనికి మారుటయే ఆ నిర్ణయపు గురి అని చూపెను. ఈ విషయమున కాల్విను అనుచరులును వెస్లీ అనుచరులును భేదించిరి; అయినను పాపిని మారుమనస్సుకు పిలువవలెనని ఉభయులును ఒప్పుకొనిరి. పాపికి సాకు చెప్పుటకు ఆ నిర్ణయము ఇయ్యబడలేదు.

రెండవ లోపము ఇంకను పెద్దది. త్రాగుబోతును ఎవరును నెట్టుట లేదని ఈ గ్రంథము చెప్పును. అతని కాళ్లు కల్లుపాక వైపే ఎందుకు లాగునో, ఎవరు విడిపింతురో చెప్పదు. క్రైస్తవుడు వ్రాసినదైనను ఇందులో క్రీస్తు నామము ఒక్కచోటను లేదు. మన దేవుడు మంచెమీదనే కూర్చుండి చూచువాడు కాడు, దిగి వచ్చినవాడు.

పేతురు సంగతి చూడుడి. అతడు తన్ను ఎరుగననునని ప్రభువు ముందే చెప్పెను. అతని కొరకు ముందే ప్రార్థించెను. ఆ రాత్రి అతనివైపు తిరిగి చూచెను. "నీవు ముందే చెప్పితివి గదా, నా తప్పేమి?" అని పేతురు వాదింపలేదు, వెలుపలికి పోయి ఏడ్చెను. తన్ను ఎవరును నెట్టలేదని అతని మనస్సాక్షికి తెలియును. లాజరును లేపబోవుచున్నానని ప్రభువు ఎరిగియుండియు సమాధికి పోవుచు కన్నీరు విడిచెను. ముందెరుగుట ఆయన హృదయమును రాయి చేయలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి మనము చెప్పవలసినది ఈ ప్రభువును గూర్చియే గాని తలవ్రాతను గూర్చి కాదు.

కాబట్టి ఈ గ్రంథమును తలవ్రాత భయమును తీసివేయుటకు చదువుడి. రక్షణమార్గము కొరకు సువార్తను తెరువుడి. మరణము ఎదుట నున్న ఆ ఖైదీ, దేవునియందలి నిరీక్షణయు ప్రార్థనయు వ్యర్థము కావనియు, చెడును విడువుడనియు చెప్పి ముగించెను. ఆ హెచ్చరిక మనకును తగినదే. విడువవలసిన దానిని నేడే విడిచిపెట్టుడి. బలము చాలనివాడు ప్రభువును అడుగునుగాక.