ప్రింటరుతో సంభాషణ - 'కప్స్' గుణదోష విచారము

ఒక ప్రింటరును పది కంప్యూటర్లు పంచుకొనుట నేడు సామాన్య విషయము. కాని కంప్యూటరును చేసిన సంస్థ వేరు, ప్రింటరును చేసిన సంస్థ వేరు. ఒకదాని మాట మరియొకదానికి తెలియవలెను గదా! మూలపాఠమును అందరును చదువ వీలున్న లినక్సు మున్నగు వ్యవస్థలలో ఈ రాయబారము నడుపునది 'కప్స్' అను ప్రోగ్రాము. దాని మంచిచెడ్డలను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మైకేల్ స్వీట్ 1997లో దీని రచన ప్రారంభించెను. అంతకు పూర్వము యునిక్సు వ్యవస్థలలో వాడుకలో నుండిన ఎల్.పి.డి. పద్ధతి, పత్రములను వరుసలో నిలిపి ప్రింటరునకు పంపుటతో తృప్తి చెందెడిది. కాగితమున్నదా, రెండు ప్రక్కల అచ్చు వీలగునా అను ప్రశ్నలకు అందు తావు స్వల్పము. కప్స్ అట్లు గాక ఐ.పి.పి. అను ప్రమాణమును గైకొనెను. ఇందులో కంప్యూటరు అడుగును, ప్రింటరు బదులు చెప్పును. 2007లో ఆపిల్ సంస్థ దీని మూలపాఠపు హక్కులను కొన్నను, అది బహిరంగముగనే నిలిచినది.

ఈ ప్రశ్నోత్తర పద్ధతియే కప్స్ ప్రధాన గుణము. 'ఐ.పి.పి. ఎవ్రీవేర్' ప్రమాణము ననుసరించు ప్రింటరునకు ప్రత్యేకమైన డ్రైవరు అక్కరలేదు. మనము పెట్టుకొను పేరు, నెట్‌వర్కులో ప్రింటరు చిరునామా, 'ఎవ్రీవేర్' అను నమూనా - ఈ మూడు తెలిపిన చాలును. కాగితపు కొలతలు, రంగులు మున్నగు వానిని ప్రింటరే చెప్పుకొనును. ఆ చిరునామా మారకుండ రౌటరులో స్థిరపరచుట మాత్రము మరువరాదు. లేనిచో నిన్న పనిచేసిన ప్రింటరు నేడు కనబడక పోవచ్చును. తెలుగువారికి వేరొక సౌలభ్యము కలదు. గుణింతములను, ఒత్తులను కూర్చు పని కంప్యూటరులోనే ముగిసి, పత్రము సాధారణముగా పి.డి.ఎఫ్. రూపమున కప్స్‌నకు చేరును. ప్రింటరునకు తెలుగు రానక్కరలేదు.

ఇక దోషములు. 2024 సెప్టెంబరులో సిమోన్ మార్గరిటెల్లి అను పరిశోధకుడు తీవ్రమైన లోపములను బయటపెట్టెను. కప్స్‌నకు తోడుగా నుండు 'కప్స్-బ్రౌజ్డ్' అను సేవ 631వ పోర్టు వద్ద చెవియొగ్గి, "నేనొక ప్రింటరును" అని ఎవరు చెప్పినను నమ్మెడిది. ఆ అపరిచితుడు పంపిన వివరములు తగిన పరీక్ష లేకయే 'పి.పి.డి.' అను వర్ణనపత్రములో చేరెడివి. ఆ పత్రములో కంప్యూటరునకు ఆజ్ఞను వ్రాయుటకు కూడ వీలుండెను! దానికి ఎవరైన అచ్చుపని పంపగనే ఆ ఆజ్ఞ అమలగును.

దీనిని కేవలము అజాగ్రత్త యని త్రోసివేయరాదు. పి.పి.డి. 1980ల నాటిది. ప్రింటరు తన సంగతి తాను చెప్పుకొనజాలని కాలమున అది అవసరమే. కాని కొత్త సంభాషణలో విన్న మాటలను పాత పత్రములో ఎక్కించుటయే ప్రమాదమునకు దారితీసినది. కావున 3వ కూర్పులో పి.పి.డి.లను తొలగింప తలపెట్టుట సమంజసము.

అయితే, పాత ప్రింటరునే నమ్ముకొన్న పాఠశాల ఏమి చేయవలెను? అట్టివారి కొరకు 'ప్రింటర్ అప్లికేషన్' అను మధ్యవర్తి ప్రోగ్రాములు కలవు. ఇవి పాత యంత్రమును కొత్త ప్రమాణము తెలిసినదిగా కనబరచును. ఉపాయము చక్కనిదే. కాని వీని వివరణలు వ్యవస్థా నిర్వాహకుని ఉద్దేశించి వ్రాసినట్లున్నవి, ఉపాధ్యాయుని కొరకు కాదు. లోపము సంభవించినపుడు వరుసను నిలిపివేయు నియమము అమలులో నున్నచో, కాగితము సరిచేసిన పిదపను అచ్చు సాగదు. వరుసను మరల తెరువవలెనని తెలియనివాడు యంత్రమే చెడిపోయినదని తలచును. బాగుగా పనిచేయు యంత్రము ఇట్లు అటకెక్కిన నష్టమెవరిది?

మూలపాఠము బహిరంగమగుటచే 2024 నాటి లోపమును బయటివాడు కనుగొనగలిగెను. దాని సవరణను ఎవరైనను పరీక్షింపవచ్చును. ఇది మెచ్చదగినది. ప్రింటర్లను దానంతటదే వెదకు సేవ అవసరము లేనివారు దానిని ఆపి, 631వ పోర్టును బయటివారికి మూసి, సవరించిన కూర్పును వాడుట మేలు. నిర్మాతలు ప్రింటరు చేత మాటలాడించిరి. ఆ మాటను సామాన్యునకు తెలియు భాషలో వినిపించు పని ఇంకను మిగిలియున్నది.