ఒక్క మెతుకు చాలునా? ఎన్నికల సర్వేలపై ఒక విమర్శ

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదు, ఒక్కటి చాలునని పెద్దలు చెప్పుదురు. ఎన్నికల సర్వేలకు మూలసూత్రము ఇదియే. కాని అన్నపు కుండకు చెల్లిన ఈ మాట హైదరాబాదు పాతబస్తీలోని బిర్యానీ హండీకి చెల్లదు. అందులో అడుగున మాంసము, పైన తెల్లని అన్నము పొరలుగా ఉండును. పైపొర మెతుకును చూచి అడుగు సంగతి చెప్పబూనినవాడు పొరపడక తప్పదు. ఒకదానితో ఒకటి పొసగని సర్వేలను విచారించునపుడు ఈ భేదమును మరువరాదు.

2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభకు పోలింగు జరిగినది. మొత్తము స్థానములు 119. ఆధిక్యమునకు 60 కావలెను. ఆ సాయంకాలము వెలువడిన అంచనాలలో తెలంగాణ రాష్ట్ర సమితికి యాక్సిస్ మై ఇండియా సంస్థ 79 నుండి 91 వరకు ఇచ్చినది. సీ ఓటర్ సంస్థ 48 నుండి 60 వరకు ఇచ్చినది. మాజీ పార్లమెంటు సభ్యుడు లగడపాటి రాజగోపాల్ 35 అని, పది అటునిటు కావచ్చునని ప్రకటించినారు. డిసెంబరు 11న ఓట్లు లెక్కింపగా ఆ పార్టీకి వచ్చినవి 88.

ఇట్టి వైరుధ్యము ఎదురైనపుడు పలువురు చేయు పని సగటు తీయుట. పై మూడింటి నడిమి సంఖ్యలు 85, 54, 35. వాని సగటు 58. అనగా ఆ పార్టీకి ఆధిక్యమే రాకూడదు! వాస్తవముగా దానికి సభలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా స్థానములు దక్కినవి. సగటు ఎందుకు మోసగించినది?

సర్వేలలో దోషములు రెండు విధములు. మొదటిది యాదృచ్ఛిక దోషము. చీట్లు తీసినట్లు, ఏ పక్షపాతము లేకుండ ఎన్నుకొన్న మచ్చులో కూడ కొంత తేడా వచ్చును. మచ్చులోని మనుష్యుల సంఖ్యకు వర్గమూలము కట్టి, ఒకటిని దానితో భాగించినచో ఈ తేడా ఉజ్జాయింపుగా తెలియును. వేయిమందిని అడిగిన నూటికి 3 పాళ్లు. నాలుగు వేలమందిని అడిగిన అందులో సగము. రెండు పార్టీల నడుమ అంతరమునకు ఈ దోషము ఇంచుమించు రెట్టింపగును. ఈ దోషము అటు కొంత, ఇటు కొంత పడును కనుక సగటు తీసినచో తగ్గును.

రెండవది పక్షపాత దోషము. మచ్చు తీసిన చోటే తప్పైనపుడు ఎందరిని అడిగినను అది తగ్గదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు మించిన జవాబులను రాబట్టి, లాండన్ గెలుచునని చెప్పినది. రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచినాడు. పత్రిక పేర్లను ముఖ్యముగా టెలిఫోను పట్టికల నుండి, కార్ల యజమానుల జాబితాల నుండి తీసినది. బీదల మాట అందులో చాలినంత చేరలేదు. అంతకంటె ఎంతో చిన్న మచ్చుతో గాలప్ విజేతను సరిగా చెప్పగలిగినాడు.

2018లోని 35కును 85కును నడుమనున్న దూరము యాదృచ్ఛిక దోషముతో పూడునది కాదు. "పది అటునిటు" అను మాట వినుటకు శాస్త్రీయముగా ఉన్నను, ఎందరిని, ఎక్కడ, ఎట్లు అడిగినది చెప్పనిదే ఆ పదికి అర్థము లేదు. అట్లని ఒకసారి నిజమైన అంచనా పద్ధతి నిర్దోషమని కూడ తేలదు.

ఇక పోటీ మిక్కిలి దగ్గరగా ఉన్నపుడు ఉత్తమమైన సర్వే కూడ నిస్సహాయమే. 2023 నవంబరు 30న పాతబస్తీలోని యాకుత్‌పురాలో మజ్లిస్ అభ్యర్థి జాఫర్ హుస్సేన్‌కు 46,153 ఓట్లు, మజ్లిస్ బచావో తహ్రీక్ అభ్యర్థి అమ్జదుల్లా ఖాన్‌కు 45,275 ఓట్లు వచ్చినవి. తేడా 878. ఈ ఇరువురికి ఓటువేసిన వారిని మాత్రమే తీసికొన్నను, విజేతను నూటికి 95 పాళ్లు నమ్మకముతో చెప్పుటకు సుమారు 28,600 మందిని అడుగవలెను. ఇది వారిలో మూడవ వంతుకు కొంచెమే తక్కువ! పైగా అక్కడ ఓటర్లలో సగముమంది కూడ పోలింగుకు రాలేదు. ఇంటివద్ద అభిప్రాయము చెప్పినవాడు బూతుకు పోయెనో లేదో సర్వే ఎట్లెరుగును?

ఓట్లను స్థానములుగా మార్చుటలో మరియొక చిక్కు కలదు. 2023లో రాష్ట్రమంతట కాంగ్రెసుకు 39.40 శాతము, అంతకుముందే పేరు మార్చుకొని భారత రాష్ట్ర సమితియైన పార్టీకి 37.35 శాతము ఓట్లు వచ్చినవి. తేడా రెండు పాళ్లే అయినను స్థానములు 64, 39. హైదరాబాదు జిల్లాలోని 15 స్థానములలో మాత్రము కాంగ్రెసుకు ఒక్కటియు రాలేదు. చార్మినారు చుట్టుపట్ల మాత్రమే విచారించినవాడు రాష్ట్ర ఫలితమును ఊహింపగలడా? పైపొర, అడుగుపొర అన్నది ఇదియే.

కావున రెండు సర్వేలు విభేదించినపుడు ఏది మనకు నచ్చునని కాక, ఎవరిని అడిగినారు, ఎందరిని, ఎక్కడ, ఎప్పుడు, ఎట్లు ఎన్నుకొన్నారు అని ప్రశ్నింపవలెను. జవాబు లేని అంచనాను సగటులో చేర్చుటకంటె పక్కన పెట్టుట మేలు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక పాత్రలో అడుగున కందులు, పైన పెసలు పోసి, కలుపకుండ పైనుండి పిడికెడు తీయించవలెను. తరువాత బాగుగా కలిపి చిటికెడే తీయించవలెను. కలిపిన పాత్రలోని చిటికెడు, కలుపని పాత్రలోని పిడికెడుకంటె నిజమునకు దగ్గరగా ఉండుట విద్యార్థులు కన్నులార చూతురు. రేపు ఓటు హక్కు పొందు వారికి ఈ పాఠము అవసరము.