చెవిచదువు : కాళోజీ తెలుగు

కాళోజీ నారాయణరావు కవితాభాషను గూర్చి మన విమర్శకులు సాధారణముగ రెండు మాటలు చెప్పుచుందురు. అది మాండలికమనునది మొదటిది; ఆ మాండలికమును ఆయన ఉద్యమదృష్టితో చేపట్టెననునది రెండవది. రెండును అసత్యములు కావు. అయినను వీనితో సమస్య తీరలేదు. ఉద్యమదృష్టి గలవా రెందఱో మాండలికమున వ్రాయబూని, నాలుగు మాటలు పొదిగి విరమించిరి. వారి రచనలలో ఆ మాటలు అతికించినట్లు కనబడును. కాళోజీ వాక్యమున ఆ అతుకు కనరాదు. ఈ భేదమునకు హేతువు ఆయన సిద్ధాంతమున గాక, ఆయన తెలుగు నేర్చిన తీరున గలదని నా అభిప్రాయము. ఆయన తెలుగును చెవితో నేర్చెను. ఆ చదువునకు గల గుణమును, కొఱతయు ఆయన కవిత్వమున గానవచ్చును.

జీవితవిషయములు పాఠకు లెఱిగినవే. ఆయన 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకమునకు జెందిన రట్టిహళ్ళిలో జన్మించెను. తల్లి కన్నడిగురాలు, తండ్రి మహారాష్ట్రుడు. కుటుంబము వరంగల్లు చేరువనున్న మడికొండలో స్థిరపడెను. అనగా తెలుగు ఆయనకు తల్లినుడియు గాదు, తండ్రినుడియు గాదు; అది వీథినుడి. ఇరుగుపొరుగువారు, పాలేళ్ళు, తోడి పిల్లలు మాటాడగా విని పట్టుకొన్న భాష. ఇక పాఠశాల యందు నిజాం రాజ్యమున బోధనభాష ఉర్దూ. తరువాత ఆయన అభ్యసించిన న్యాయశాస్త్రమును, వకీలుగా మెలగిన న్యాయస్థానమును ఆ భాషవే. ఇంట రెండు భాషలు, బడిలో మఱియొకటి, వాకిట తెలుగు. ఈ నాలిగింటిలో వాకిటిభాషయే ఆయనకు కవిత్వభాష యైనది.

పసితనమున అబ్బిన భాషను అన్యభాష యనవచ్చునా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము సమంజసమే. యౌవనమున పరదేశమునకు బోయి అచ్చటి భాషను నేర్చినవానితో కాళోజీని సమానునిగ జూపుట నా యుద్దేశము కాదు. నేను చెప్పదలచిన దింతే: మాతృభాషను విననక్కఱలేదు, అది మనలను చుట్టుకొని యుండును. ఇతరుల భాషను మాత్రము చెవియొగ్గి వినవలెను. ఎవ డెట్లు పలికెను, ఏ మాటకు ఎదుటివాడు నవ్వెను, ఏ మాటకు కోపించెను అని కనిపెట్టుచుండవలెను. ఇంటిలో ఒక నుడియు, వెలుపల వేఱొక నుడియు గల పిల్లలకు ఈ కనిపెట్టు అలవాటు కొంత ముందుగనే యేర్పడును.

ఇట్టి దృష్టాంతము మన భాషాచరిత్రలోనే వేఱొకటి గలదు. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండగా సవరభాషను నేర్వబూనెను. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. సవర తెలిసినవానిని ఇంట నుంచుకొని, వినివిని, పలికిపలికి నేర్చెను. దశాబ్దముల అనంతరము 1931లో ఆ భాషకు వ్యాకరణము వెలువరించెను. తెలుగున వ్యావహారికభాషకై ఆయన పూనిక వహించినది సవర నేర్చిన పిమ్మటనే యనునది గమనింపదగిన విషయము. పాఠశాలల తనిఖీ అధికారియగు ఆంగ్లేయుడు యేట్సు, పుస్తకముల తెలుగునకును జనుల తెలుగునకును ఇంత దూర మేల యని 1906–07 ప్రాంతమున అడిగిన ప్రశ్న దానికి ప్రేరకమని చరిత్రకారులు చెప్పుదురు. కాని ఆ ప్రశ్నను విన్నవా రింకను గలరు. అది గిడుగునకు గాఢముగ నాటుటకు, అప్పటికే ఆయన చెవి లిపిలేని యొక భాషచే శిక్షితమై యుండుట కారణమని నేననుకొందును. యేట్సును పరభాషాభ్యాసి యనునది మఱవరాదు.

మడికొండ పసివాడు వ్యాకరణము వ్రాయలేదు, కవియైనాడు. చెవిచదువు గుర్తులు ఆయన గేయములలో ఎచ్చట గలవు? మొదట గ్రంథనామమునే చూడుడు. 1953లో వెలువడిన సంపుటికి ఆయన పెట్టిన పేరు 'నా గొడవ'. ఇది కావ్యనామము కాదు, పూర్వసంప్రదాయమున ఖండకావ్యనామమును గాదు. ఇంట ముసలమ్మ విసుగుకొనుచు అను మాట. 'గొడవ' యన్నచో రగడయు నగును, బాధయు నగును, పట్టుదలతో పదేపదే చెప్పు సంగతియు నగును. నిఘంటువు ఈ యర్థములను వరుసగ వేఱుచేసి చూపును. పలుకుబడిలో అవి వేఱుకావు. చెప్పువాని గొంతును బట్టి ఒకటి పైకి వచ్చును, తక్కినవి వెనుక నిలుచును. ఈ మాటను అర్థపట్టికనుండి గ్రహించినవాడు పుస్తకమునకు పేరుగ నుంచడు.

పిదప వాక్యాంతములు. కాళోజీ పంక్తి యతిస్థానమున గాక, మాటాడువాడు ఊపిరి తీసికొను చోట నిలుచును. ప్రాసము పంక్తి మొదట నుండక చివర క్రియాపదముపై బడును. వాదమాడువాడు తన మాటను మేకువలె దిగగొట్టునట్లు. ఒకే ధాతువును తిప్పి తిప్పి విరుద్ధార్థములను రాబట్టుట ఆయనకు ప్రియమైన పద్ధతి. బడి చెప్పు పలుకునకును, పలుకే బడియైన భాషకును ఆయన చూపిన ప్రసిద్ధభేదము ఇట్టి తిరుగుడు నుండి పుట్టినదే. దీనిని శబ్దాలంకారమని త్రోసివేయరాదు. పరభాషను వినుచు నేర్చువాడు రెండు మాటల సామ్యమును ముందు గ్రహించును, అర్థభేదమును పిదప గ్రహించును. ఆ మొదటి యాశ్చర్యమును కాళోజీ వృద్ధాప్యము వఱకు పోగొట్టుకొనలేదు. ఆయన ఉర్దూ పదములను వాడినపుడు సైతము, అవి వరంగల్లు అంగడిలో పలుకబడు రూపముననే వచ్చును.

1968లో ఖలీల్ జిబ్రాన్ రచనను 'జీవనగీత' యను పేర ఆయన తెనిగించెను. 1923 నాటి ఆ ఆంగ్లగ్రంథమును ఎన్నుకొనుటలో గూడ ఈ చెవియే పనిచేసినదని తోచును. జనులు గుమిగూడి అడుగుచుందురు, ఒకడు నిలిచి చెప్పుచుండును. ఆ గ్రంథమంతయు అంతే.

వరంగల్లు మండలమునకే చెందిన దాశరథి కృష్ణమాచార్యుల (1925–1987) చదువు దీనికి భిన్నము. చిన్నగూడూరున జన్మించిన ఆయనకు తెలుగు మాతృభాష. సంస్కృతపండితుడైన తండ్రివలన పద్యము చిన్ననాటనే వశమైనది. ఉర్దూ బడినుండి వచ్చినది, ముషాయిరాల వాతావరణమునుండి వచ్చినది. షేరు వినుటకై పుట్టిన రూపము: కవి మొదటి పాదమును రెండు మూడు మారులు చదువును, శ్రోత రాబోవు ప్రాసమును ఊహించుచు ఎదురుచూచును, అది రాగానే సభ యెల్ల 'వాహ్వా' యనును. దాశరథి 1961లో ప్రకటించిన 'గాలిబ్ గీతాలు' యందు ఒక్కొక్క షేరును విడిగ దీసి చిన్న తెలుగు గీతముగ మలచెను. భావమును, సుకుమారతను దించెను. ఆ యెదురుచూపు మాత్రము పూర్తిగ దిగలేదు. ఉర్దూ ఆయన చెవినుండి లోనికి బోయి, తెలుగుపద్యపు త్రోవను వెలికి వచ్చినది. నడుమ తండ్రిగారి ఛందస్సు కాపుండెను. ఇది దోషమని నేననను. ఆ కాపు లేనిచో 'అగ్నిధార' లేదు. తరువాత ఆయనయే తెలుగు గజలునకు దారితీసిన వారిలో ఒకడగుట, తొలుత నిలిచిపోయిన దానిని మరల అందుకొన యత్నించుట యనుకొందును.

ఇచ్చట ఒక చారిత్రకవిషయమును తడవక తప్పదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయముతో ఉర్దూ మాధ్యమము ఉన్నతవిద్య వఱకు వ్యాపించెను. తెలుగింటి బాలుడు గణితమును, భూగోళమును, చరిత్రను అన్నిటిని ఉర్దూలో వినెను. 1965లో కెనడాదేశమున మాంట్రియల్ చేరువ సెయింట్ లాంబర్టులో ఆంగ్లేయభాషీయుల పిల్లలకు ఫ్రెంచిలోనే సర్వమును బోధించుట యారంభించి, దానిని భాషాబోధనలో గొప్ప ప్రయోగముగ పండితులు పరిశీలించిరి. వినికిడిలో ఆ పిల్లలు ఫ్రెంచివారికి దాదాపు సాటివచ్చిరనియు, మాటాడుటలోను వ్రాయుటలోను తప్పులు మిగిలెననియు తేలినది. భాషలో మునిగి నేర్చుట మన పెద్దలకు వారికంటె ముందే తెలియును. కాని ఆ తలిదండ్రులు కోరి తెప్పించుకొన్న చదువది. ఆంగ్లమునకు వారి యూర గౌరవలోపము లేదు. ఇచ్చటి పిల్లవాని యిష్టము నెవ్వరు నడుగలేదు. వాని తెలుగునకు బడిలో తగిన చోటును లేదు. తెలుగు చదువవలెనన్నచో 1904లో హనుమకొండయందు వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయమునకు పోవలెను. ఫలితము విచిత్రము: ఆ తరము పరభాషను చెవితోను, స్వభాషాసాహిత్యమును కంటితోను నేర్చినది. పుస్తకపు తెలుగుపై వారిలో పెక్కురకు గల భక్తికి ఇదియొక కారణము. ఈ వింతనుండి కాళోజీ తప్పించుకొనుటకు, తెలుగు ఆయనకు స్వభాష కాకపోవుటయే తోడ్పడినది!

కొఱతను గూడ చెప్పవలెను. విన్నపుడు చాలినది చదివినపుడు మిక్కుటమగును. కాళోజీ గేయములు పెక్కింట ఒకే వాదము మూడు నాలుగు మారులు తిరుగును. సభలో అది శ్రోతను లాగికొనును, పుటపై కన్ను ముందునకు దాటిపోవును. సంపుటములు ఏఱి కూర్చుటలో ఆయన శ్రద్ధ తక్కువ. దీనిని ప్రేమతో దాచుట విమర్శ కాదు. అట్లని పద్యపు కొలతతో కొలిచి, ఇది వచనము, కవిత్వము కాదని తీర్పు చెప్పుటయు తగదు. ఈ కవిని పరిశోధించు విద్యార్థి మొదట గేయమును విని, పిమ్మట పుస్తకమును తెఱవవలెను. ఈ మాటను గ్రాంథికమున వ్రాయుచున్నందుకు ఆయన నన్ను చూచి నవ్వెడివాడు. ఆ నవ్వునకు నేను సిద్ధుడనే.

మా ప్రాంతపు తరగతులలో ములుగు, ఏటూరునాగారము, మహబూబాబాదు దిక్కులనుండి వచ్చు విద్యార్థులు గలరు. ఇంట కోయయో లంబాడీయో మాటాడు వారికి తెలుగు అన్యభాషయే. కాళోజీకి వలెనే వాకిట విని నేర్చినది. వారికి మనము తెలుగు పరీక్షను అక్షరదోషములతో మొదలుపెట్టుదుము. ఒకమారు 'నా గొడవ'లోని గేయమొకటి తరగతిలో నేను చదివితిని; పద్యమువలె సాగదీసి, తగని చోట్ల విఱిచి చదివితిని. తరగతి మర్యాదగ వినినది. తండానుండి వచ్చిన విద్యార్థిని యొకతె, వ్రాతలో తప్పులకై నావలన పలుమారులు మందలింపబడినది, తాను చదువుదునని లేచెను. సంతలో బేరమాడు గొంతుతో చదివెను. రెండవ చరణమున, కవి నవ్వించదలచిన మాటవద్ద, తరగతి యెల్ల నవ్వెను. ఆ మాట హాస్యమని అన్నియేండ్లు ఆ గేయమును బోధించిన నాకు అంతవఱకు తెలియదు.