ఒకటిన్నర సెకను

వెయ్యి గజాల అవతల ఒక ఇనుప పలక గొలుసులకు వేలాడుతుంటుంది. ట్రిగ్గర్ నొక్కుతాను. పేలిన చప్పుడు అణుగుతుంది, భుజం మీద కుదుపు సర్దుకుంటుంది, స్కోప్‌లో చెదిరిన పలక మళ్ళీ కుదురుగా కనబడుతుంది. గుండు మాత్రం ఇంకా దారిలోనే ఉంటుంది. 6.5 క్రీడ్‌మోర్ తూటాకు ఆ దూరం దాటడానికి దాదాపు ఒకటిన్నర సెకను కావాలి. తగిలితే, ఆ 'టంగు'మనే మోత నా చెవిదాకా రావడానికి ఇంకో రెండున్నర సెకన్ల పైచిలుకు. ఈ నాలుగు సెకన్ల కోసం ఆదివారం తెల్లారకముందే లేచి, టెక్సస్ ఎండలో రెండు గంటలు కారు నడుపుకుంటూ పోవడం మా ఇంటావిడకు ఇప్పటికీ విడ్డూరమే.

నేను రైఫిల్ కొన్న కథ ఇంకా విడ్డూరం. అప్పుడు హెచ్-1బీ మీద ఉన్నాను. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు ఈ దేశంలో తుపాకీ కొనకూడదు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే తప్ప. చట్టంలో అలాంటి కిటికీ ఒకటి తెరిచి ఉంది. కాగితం మీద చుక్కలు కొట్టుకుందామనుకున్న మనిషిని ముందు వేటగాణ్ణి చేసి కూర్చోబెట్టారు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకు పోవాలంటే ఒక పాఠం కూడా చదవాలి. దేన్ని కాలుస్తున్నావో పోల్చుకో, దాని వెనకాల ఏముందో చూసుకో అన్నది అందులో అసలు సంగతి. చదువుతుంటే దశరథుడు గుర్తొచ్చాడు. శబ్దభేది వచ్చన్న ధీమాతో, చీకట్లో కుండ మునిగిన చప్పుడును ఏనుగనుకుని బాణం వేసిన మహారాజు. మనం చిన్నప్పుడే విన్న పాఠానికి ఇక్కడ సర్టిఫికెట్టు ఇస్తారు.

దూరపు గురి అంటే చాలామంది కంటిచూపు అనుకుంటారు. కన్ను చేసే పని తక్కువే. వంద గజాలకు గురి కుదిర్చిన నా రైఫిల్ గుండు, వెయ్యి గజాలు పోయేసరికి ఏడు మీటర్లకు పైగా కిందికి జారుతుంది. రెండంతస్తుల మేడ ఎత్తు. అయినా అదేం పెద్ద బెంగ కాదు. భూమి ఎంత లాగుతుందో ముందే తెలుసు, లెక్క కట్టి స్కోప్ మీద చక్రాన్ని అన్ని క్లిక్కులు తిప్పుకుంటే సరిపోతుంది. ఏడిపించేది గాలి. గంటకు పది మైళ్ళ వేగంతో అడ్డంగా వీచే గాలి, అంటే ఆరేసిన చీర బాగా రెపరెపలాడేంత గాలి, అదే గుండును ఒకటిన్నర మీటరు పక్కకు నెట్టేస్తుంది. నా దగ్గర ఒక గాలి, దారి మధ్యలో ఇంకో గాలి, పలక దగ్గర మరోటి. మూడూ ఒక మాట మీద ఉండవు.

గాలిని చూపించేది ఎండమావి. మన భాషలో ఎండమావి అంటే మోసానికి మారుపేరు. ఇక్కడికొచ్చాక దానిమీద నా అభిప్రాయం మారింది. వేడెక్కిన నేల మీద స్కోప్‌లో కనబడే ఆ నీళ్ళలాంటి కదలిక ఎడమకు వాలితే గాలి అటు పోతున్నట్టు, బాగా వంగితే జోరు పెరిగినట్టు. నిలువునా ఉడుకుతున్నట్టు పైకి లేస్తే గాలి ఆగినట్టు, లేదా సూటిగా ఎదురుగానో వెనకనుంచో వీస్తున్నట్టు. కాల్పుల వరసలో నా పక్కన పడుకునే ఒక ముసలి రైతు గాలి కొలిచే యంత్రం తేడు. పది నిమిషాలు ఎండమావిని చూసి, ఒక అంకె గొణిగి, కాలుస్తాడు. నేను యంత్రం, ఫోను, కాగితం అన్నీ సంప్రదించి తప్పుతాను.

నా తూటాకున్న క్రీడ్‌మోర్ అన్న పేరు న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో ఒకప్పుడున్న కాల్పుల మైదానానిది. 1874 సెప్టెంబరులో అక్కడ ఐర్లండ్ జట్టుకూ అమెరికన్లకూ పోటీ జరిగింది. జట్టుకు ఆరుగురు, 800, 900, 1000 గజాలు. ఐరిష్ వాళ్ళు గొట్టం మూతిలోంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్ళతో వచ్చారు. అమెరికన్లవి వెనకనుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్‌లు. చివరి గుండు మిగిలేసరికి అమెరికా ఒక్క పాయింటు వెనకబడి ఉంది. కాల్చాల్సిన కల్నల్ బోడీన్ చేతిలో అంతకుముందే జింజర్ బీరు సీసా పగిలి అరచెయ్యి కోసుకుపోయింది. రుమాలు చుట్టుకుని పడుకుని, వెయ్యి గజాల దగ్గర నడిమధ్య కొట్టాడు. 934–931.

నా మనసు మాత్రం ఓడిన జట్టులోని మిల్నర్ దగ్గరే ఆగిపోతుంది. ఆయనా అంత చక్కగానే నడిమధ్య కొట్టాడు, కాకపోతే పక్కవాళ్ళ లక్ష్యాన్ని. నాలుగు పాయింట్లు రావలసిన చోట సున్నా వేశారు. అది తన బోర్డుకే తగిలి ఉంటే ఐర్లండ్ 935. పలకను బాగా కొట్టడం, సరైన పలకను కొట్టడం రెండు వేరు వేరు విద్యలు.

ఆ ఐరిష్ జట్టులోనే డబ్లిన్‌లో తుపాకులు చేసే జాన్ రిగ్బీ కూడా ఉన్నాడు. ఆ ఇంటిపేరు మీద తయారైన .275 రైఫిల్ ఒకటి తర్వాత మన దేశానికి వచ్చింది. 436 మందిని చంపిందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో కొట్టినందుకు జిమ్ కార్బెట్‌కు కానుకగా ఇచ్చింది దాన్నే. ఆ రైఫిల్‌కు దూరం కొట్టే సత్తా ఉంది. అయినా 1926లో రుద్రప్రయాగ నరభక్షక చిరుతను ఆయన దానితో కొట్టింది మామిడిచెట్టెక్కి, రాత్రులకు రాత్రులు కాపు కాసి, కింద దారి మీద మేకను కట్టి, కొద్ది గజాల దూరంనుంచి.

మాది భాకరాపేట వైపు. వేట కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ తన మొదటి పుస్తకంలో రాసిన చామల లోయ పులి మా కొండలది. ఆయన చేతిలో ఉండేది కింద మీటను ఆడిస్తే తూటా ఎక్కే .405 వించెస్టర్. మా తాతది అంత గొప్ప ఆయుధం కాదు. చేలమీద పడే పందుల కోసం ఇచ్చిన లైసెన్సు మీద ఒక పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకి. నలభై గజాలు దాటితే దానికి చేతనయ్యేది చప్పుడు చేయడమే. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని గోనెగుడ్డలో చుట్టి స్టేషన్లో అప్పజెప్పి, రసీదు పంచెకు ముడేసుకుని వచ్చేవాడు. 1972 వన్యప్రాణి చట్టం రాకముందు ఆయన వేటాడిన మాటా నిజమే. మంచె మీద నన్ను పక్కన కూచోబెట్టుకుని ముందు చిటికెడు దుమ్ము గాల్లోకి వదిలేవాడు. "గాలి మన మొగాన కొట్టల్ల రా అబ్బోడా. వీపున కొడితే ఇంటికి పోదాం పా" అనేవాడు. నిజంగానే దిగి వచ్చేసిన రాత్రులున్నాయి.

నాలుగేళ్ళ కిందట నేనా మాట మరిచాను. పందులు పొలం దున్నిపెడుతున్నాయని ఒక స్నేహితుడు పిలిచాడు. ఇక్కడ అడవిపందికి సీజన్ లేదు, ఏడాది పొడుగునా కొట్టొచ్చు. ఒక పెద్ద పంది, 420 గజాలు. దగ్గరికి పోవచ్చు, వాగు అడ్డం ఉంది, పోతే అరగంట పడుతుంది. వెయ్యి గజాల పలకను మోగించేవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. ఆ దూరానికి గుండు పోవడానికి పట్టేది అర సెకను. ఆ అర సెకనులో పంది ఒక్క అడుగు ముందుకేసింది. గుండెకు తగలాల్సింది జానెడు వెనక పొట్టకు తగిలింది. అరుపు వినపడింది. చీకటి పడేదాకా, పడ్డాక టార్చి లైటుతోనూ నెత్తురు చుక్కలు చూసుకుంటూ ఇద్దరం తిరిగాం. ముళ్ళపొదల్లో ఆనవాలు పోయింది. పొద్దున మళ్ళీ వెతికినా దొరకలేదు.

పలక అడుగెయ్యదు. నేనా రోజు మరిచిన తేడా అంతే. చాలా మంచి రైఫిల్ అన్నదానికి ఇక్కడి కొలత వంద గజాలకు అంగుళం తేడా. అదే వెయ్యి గజాలకు పది అంగుళాలవుతుంది, అంటే దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం. అదీ చెయ్యి వణక్కుండా, గాలి తప్పకుండా, జంతువు కదలకుండా ఉన్నప్పటి మాట. 800 గజాల నుంచి దుప్పిని పడగొట్టానని వీడియో చూపించేవాళ్ళు నాకు తెలుసు. తప్పిన వీడియో మాత్రం ఒక్కరూ చూపించలేదు. అది వేట అని నేను ఒప్పుకోను. జంతువుకు కన్ను, ముక్కు, చెవి ఉన్నాయి. వాటికి చిక్కకుండా దగ్గరికి చేరడమే కదా ఆ విద్యలో కష్టమైనది. దాన్ని వదిలేసి గజాలు పెంచుకుంటే మిగిలేది లెక్కలు.

అందుకే నాకిష్టమైన రైఫిల్ ఏదని అడిగితే ఖరీదైన క్రీడ్‌మోర్ పేరు చెప్పను. నా దగ్గర ఒక పాత వించెస్టర్ 94 ఉంది, .30-30. జాన్ బ్రౌనింగ్ గీసిన నమూనా, 1894 నాటిది. ఆండర్సన్ వాడిన రైఫిల్‌నూ ఆయనే రూపొందించాడు. దానికి స్కోప్ పెట్టలేదు. చెక్క మీద ఎవరి చేతి అరుగుదలో ఉంది, నాది కాదు. 150 గజాలు దాటితే నేను దాన్ని నమ్మను. దానివల్ల నేను నడవాల్సి వస్తుంది, కూర్చోవాల్సి వస్తుంది, చాలాసార్లు ఉత్త చేతులతో ఇంటికి రావాల్సి వస్తుంది. పలక దగ్గర గాలి గుండును మోసుకుపోతుంది కాబట్టి దాన్ని చదువుతాను. వాగు దగ్గర అదే గాలి నా వాసనను మోసుకుపోతుంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా చదువుతాను.

నవంబరు మొదటి శనివారం ఇక్కడ దుప్పుల సీజన్ మొదలు. క్రీడ్‌మోర్ బీరువాలోనే ఉంటుంది. ఉత్తరపు గాలి వీస్తే వాగుకు దక్షిణపు గట్టున కూర్చుంటాను. గాలి తిరిగితే లేచి వచ్చేస్తాను.