త్రోవ యెఱుగని పాదములు
ప్రవరుని హిమాలయయాత్రను గూర్చి

మనుచరిత్రమునందలి ప్రవరుని కథ చెప్పని తెలుఁగు పండితుఁడు లేఁడు. చెప్పునపుడు మనమందఱము రెండు తావులఁ దడవు నిలుచుచున్నాము. ఒకటి హిమవత్పర్వత వర్ణనము, రెండవది వరూధినీ ప్రవరుల సంవాదము. ఈ రెంటి నడుమ నొక చిన్న సంగతి కలదు. ఎత్తైన కొండల నడుమ, సెలయేళ్ల ప్రక్కను, ఒంటరిగా నున్న మనుష్యుఁడొకఁడు ఇల్లు చేరఁదలఁచి, త్రోవ తెలియక నిలిచిపోయినాఁడు. దీనిని కథ నడచుటకు వలయు నిమిత్తమాత్రముగా నెంచి దాఁటిపోవుట మనకు వాడుక. నేనును పెక్కేండ్లు విద్యార్థులచేత నట్లే దాఁటించితిని. ఆ నిలిచిపోవుటయే యీ కథకుఁ గీలకమని యిప్పుడు నా యభిప్రాయము.

ప్రవరునకుఁ దీర్థములు చూడవలెనని తీఱని కోరిక. గృహస్థధర్మము, అగ్నికార్యములు కాలు కదలనీయవు. అందుచేతఁ దీర్థవాసు లెవరైన వచ్చిరని విన్నచో నెంత దూరమైన నెదురేగును, ఇంటికిఁ దెచ్చి భోజనము పెట్టును, చేరఁ గూర్చుండి యేయే క్షేత్ర మెన్ని యోజనములని యడుగును, అడిగి నిట్టూర్చును. ఇందు పెద్దన చేసిన సూక్ష్మము గమనింపఁదగినది. ప్రవరుఁడు దూరమును సంఖ్యగా నెఱుగును, పాదములతో నెఱుగఁడు. ఆతఁడు నిజముగా నడచినది తీర్థవాసుల కెదురేగిన యాకొంత మేర మాత్రమే. సిద్ధుఁ డొకఁడు వచ్చి పాదలేప మిచ్చినంతనే, ఇన్నేండ్లు లెక్కపెట్టిన యోజనము లన్నియు నొక్క క్షణమున లేకపోయినవి. మూట కట్టలేదు, దారిబత్తెము పోగుచేయలేదు. నడకతోఁ బని లేని యా సిద్ధునకుఁ బులితోలు, నాగబెత్తము మొదలగు దేశాటనపు సామగ్రియంతయుఁ గల్పించిన కవి, బయలుదేఱినవానిచేత మాత్ర మేమియుఁ బట్టింపలేదు.

అరుణాస్పదమునుండి హిమాలయమువఱకుఁ గల దూరమునకుఁ గావ్యమున నిలిచిన గుర్తు ‘చని’ యను నొక్క క్త్వార్థకము. ఆ వెంటనే వచ్చు పద్యము మనమందఱము నోరార వల్లించునదే. అందు నీరు దొరలును, తరంగములు మ్రోయును, నెమళ్లు ఆడును, ఏనుఁగుల తొండములకు సాలవృక్షములు కంపించును. కదలని దొక్కటియే, యాత్రికుఁడు. ఎక్కుట లేదు, దిగుట లేదు, ఆయాసము లేదు. పద్యము యొక్క శబ్దసంపదను నేను తక్కువ చేయుటలేదు. అంతటి పద్యము తెలుఁగున నరుదు. అయినను అది చేరినవాఁడు చూచిన కొండయే కాని నడచినవాఁడు చూచిన కొండ కాదు. దీనిని కవిలోపమని కొందఱందురు. నాకట్లు తోఁపదు. నడకలేని రాకకుఁ దగిన చూపునే కవి యిచ్చినాఁడు.

ఇచ్చట మూలముతోఁ బోల్చి చూడవలయును. మార్కండేయపురాణమున మంచునీటిచేఁ బాదలేపము కడుగుకొనిపోఁగానే బ్రాహ్మణుని నడక మందగించినదని చెప్పఁబడినది. ఆ మందగతితోనే యతఁడు అటునిటుఁ దిరిగి కొండయందము చూచును. పెద్దన యీ క్రమమును మార్చినాఁడు. చూడవలసినదంతయుఁ జూచి తిరుగుముఖము పట్టినవేళనే లేపము కరగినట్లు చేసి, కరగిన సంగతి ప్రవరున కెఱుకపడలేదనియుఁ జేర్చినాఁడు. మూలమునఁ గాళ్లు ముందు తెలిసికొన్నవి. పెద్దన ప్రవరునకుఁ గాళ్లు కూడఁ జెప్పలేదు. ఎరవు తెచ్చుకొన్న వేగము పోయినదన్న మాట, దానితోఁ బని పడినప్పుడు గాని తెలియలేదు.

ఈ సంగతి నాకుఁ బుస్తకమున బోధపడినది కాదు గనుక నా మాట కొంచెము చెప్పుకొనవలసియున్నది. మాది నెల్లూరు తీరమునందలి మైపాడు. తూర్పున సముద్రము, పడమట వరిచేలు, రొయ్యలగుంటలు. ఇసుకదిబ్బకు మించిన యెత్తు మా పిల్ల లెఱుగరు. వారికి హిమవద్వర్ణనము చెప్పుట యెట్టిదో ఈ తీరపు పండితులకుఁ దెలియును. ఊరికి నుత్తరముగాఁ బెన్న సముద్రమునఁ గలియును. ఆ నీరు కర్ణాటకమున నందిదుర్గము వైపునఁ బుట్టి, గండికోట కడ లోతైన గండిలోఁ బాఱి, సోమశిల కడ వెలికొండలను దాఁటి వచ్చినది. కొండను మేము చూడకున్నను కొండ నీరు మాకడకు వచ్చుచున్నది. ఒక మాఘమాసమున, దుప్పటి, అటుకులు, బెల్లము మూటకట్టి మూఁపున వేసికొని, ఎగువకు ఒంటరిగా నడచితిని. నెల్లూరును, సంగమును దాఁటి, అయిదవనాఁడు సోమశిల చేరితిని. మొదటి దినమున మెత్తని యిసుక, పోనుపోను గులకఱాళ్లు, కడపట బండలు, వాని పైని వెలికొండల నీలి వరుస.

సంగమునకుఁ బైన నొక ట్రాక్టరువాఁడు నా మూటను జూచి జాలిపడి, రెండు క్రోసుల మేర నెక్కించుకొనెను. తిరుగుప్రయాణమున నేను త్రోవ తప్పినది సరిగా నా రెండు క్రోసులలోనే. తక్కిన చోట్ల నడుగడుగున నొక యానవాలు పలుకరించినది. ముల్లు గ్రుచ్చుకొన్న తావు, నీళ్లు త్రాగిన మోటబావి, కుక్క తఱిమిన కళ్లము. ట్రాక్టరు మీఁదఁ గూడ నేను కన్నులు తెఱచియే యుంటిని, పైఁగా నెత్తున నుండుటచే నెక్కువయే చూచితిని. అయినను ఆ చూపు తిరిగి వచ్చుట కక్కరకు రాలేదు. ఒక గొఱ్ఱెలకాపరి నడుగవలసివచ్చినది. అడుగుచుండఁగా ప్రవరుఁడు జ్ఞప్తికి వచ్చి నవ్వుకొంటిని. పాప మాతనికి గొఱ్ఱెలకాపరి దొరకలేదు.

దొరకినది వరూధిని. ఆమె సమాధానము వెక్కిరింపు. ఆ వెక్కిరింపంతయుఁ గన్నుల మీఁదనే నడచినది. అంతటి నేత్రములు కలవాఁడు తెరువు నొరుల నడుగుట, ఏకాంతమున నున్న స్త్రీలతో మాటాడుటకు మిష యని యామె చమత్కారము. దీనిని మనము శృంగారప్రౌఢిగా వివరించి ముగించుచున్నాము. ఆమె తెలియక పలికిన సత్య మింకొకటి యున్నది. త్రోవ తెలియవలసినది కన్నులకే యని యామె తలంపు. అప్సరస కట్లు తోఁచుట సహజము. కన్నులు తృప్తితీఱఁ జూచినవి, పాదములు మాత్రము ఏమియు నెఱుగవు. ప్రవరుని దైన్యము ఈ రెంటి నడిమి యెడమునుండి పుట్టినది. ఇది గ్రహించినచో నాతని ప్రశ్న కపటముకాదని వేఱుగ వాదింపఁ బనిలేదు.

ఇందులకుఁ బ్రతిగా నొక వచనగ్రంథము స్మరింపఁదగును. ఏనుఁగుల వీరాస్వామయ్య 1830 మే 18 మొదలు 1831 సెప్టెంబరు 3 వఱకుఁ జేసిన యాత్రను దెలుపు కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు మఱల సంస్కరించి ప్రకటించిరి. వ్యాకరణ దృష్టితోఁ జూచువారికి దాని భాషయందుఁ దప్పులు పెక్కు కనఁబడును. నేనును ఒకప్పు డవియే యెన్నుచుంటిని. నల్లమలలోఁ బ్రవేశించి నాగలూటి, పెద్దచెఱువు, భీమునికొల్లముల మీఁదుగా శ్రీశైలము చేరు ఘట్టము చదివి చూడుఁడు. ఏ మజిలీకెంత దూరము, నీరు కలదా, దినుసులు దొరకునా, త్రోవ రాతిదా, ఇసుకదా, ఈ యరణ్యమునఁ జెంచుల తో డెట్టిది, అన్నియుఁ గలవు. అలంకార మించుకంతయు లేదు. ఆ పుటలు చేతఁబట్టుకొని వెనుకకు రావచ్చును.

అయినను ఆయన నడచినాఁడని చెప్పరాదు. పల్లకి యున్నది, బోయీలున్నారు, పెద్ద పరివారమున్నది. ఆయన వ్రాసిన ఱాళ్లు చాలవఱ కితరుల పాదములకుఁ దగిలినవే. కాని తనకుఁ బాదలేపమైన వారు మనుష్యులని యాయన మఱచినవాఁడు కాఁడు. వారి యలసటయే యాయన దూరమునకుఁ గొలబద్ద యైనది. ప్రవరుని మందునకు అలసట లేదు గనుక లెక్కయు లేదు. ఒంటరిగాఁ దన మూటఁ దాను మోసికొని కొండయేళ్ల వెంట నడచినవాని కథ మాత్రము ఈ రెండు గ్రంథములలోను లేదు. అట్టివారు లేకపోలేదు. ప్రవరుఁ డెదురేగి తెచ్చుకొన్న తీర్థవాసులు వారేకదా. వారు చెప్పిన మాటలలో యోజనముల లెక్క మాత్రము కావ్యమున మిగిలినది.

పాదలేపము పురాణసిద్ధమే కాని పెద్దన కల్పన కాదు, దానిపై నింత కట్టవచ్చునా యని యాక్షేపింపవచ్చును. కథ యాతనిది కాదు, నిజమే. కరగిన వేళయు, యోజనముల నిట్టూర్పును, కన్నుల వెక్కిరింపును ఆతఁడు తీర్చిన పొందికలు. విడివిడిగా నున్నచో నలంకారములనవచ్చును. మూఁడును ఒక్క దిక్కునకే చూపుచున్నప్పుడు అది కవి యుద్దేశమనక తప్పదు. విద్యార్థికిఁ బద్యము వల్లె వేయించుటకు ముందు ‘ఇతఁ డిచ్చటి కెట్లు వచ్చెను?’ అని యడిగినచో, ‘ఏల పోలేకపోయెను?’ అనుదానికి వాఁడే బదులు చెప్పును. కొండ నెఱుగని మైపాడు పిల్లలు కూడఁ జెప్పినారు.

తుదకుఁ బ్రవరుఁడు అగ్నిదేవునిఁ బ్రార్థించి, ఆ తేజము తనయందుఁ బ్రవేశింపఁగా నిల్లు చేరినాఁడు. పోయినది మందుచేత, వచ్చినది దేవతచేత. పిమ్మట నరుణాస్పదమునకుఁ దీర్థవాసులు వచ్చినపుడు మునుపటివలె నెదురేగెనో, యోజనముల లెక్క యడిగెనో పెద్దన చెప్పలేదు. కథ వరూధిని వైపునకుఁ దిరిగినది.