పొగ నిషేధము ఆసుపత్రి గడప వరకేనా?

మానసిక వ్యాధుల ఆసుపత్రులలో పొగ త్రాగుటను గూర్చి రెండు అభిప్రాయములు వినవచ్చును. బీడీ రోగికి శాంతి నిచ్చును, దానిని మాన్పించుట క్రూరమని ఒకటి. నిషేధపు బోర్డు కట్టి జరిమానా విధించిన చాలునని రెండవది. ఈ రెండును శాస్త్రపరీక్షకు నిలువవు.

బీడీ లేనప్పుడు కలుగు చిరాకు చాలవరకు శరీరమునకు నికోటిన్ అందకపోవుటచే పుట్టినదే. మరల బీడీ కాల్చగానే అది అణగును. రోగి దానినే శాంతి యనుకొనును. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన సమీక్ష 26 పరిశోధనలను కలిపి చూచినది. పొగ మానినవారిలో దిగులు, ఆందోళన తగ్గినట్లు తేలినది. మానసిక రోగులలోను ఫలితము అట్లే ఉండెను.

కావున నిషేధము న్యాయమే. మన దేశమున 2003 నాటి చట్టము ఆసుపత్రులలో పొగ త్రాగుటను నిషేధించినది. 2008 అక్టోబరు 2న వచ్చిన నియమములు పెద్ద హోటళ్ళకు ప్రత్యేక స్థలమును అనుమతించినవి గాని, ఆసుపత్రులకు అనుమతింపలేదు. ఇంగ్లండులో మానసిక చికిత్సాలయములకు ఒక యేడు గడువిచ్చి, 2008 జులైలో నిషేధమును అమలుపరచిరి.

లోప మెక్కడనగా, ఈ నియమములు బోర్డును గూర్చి చెప్పును, మందు మోతాదును గూర్చి చెప్పవు. పొగలోని తారు పదార్థములు కాలేయములో ఒక ఎంజైమును పెంచును. క్లోజపిన్, ఒలాంజపిన్ అను మందులను ఆ ఎంజైము త్వరగా విచ్ఛిన్నము చేయును. అందుచే పొగ త్రాగువాని రక్తములో మందు తక్కువగా నిలుచును. పొగ మానిన కొద్ది దినములలోనే అదే మోతాదు ఎక్కువై, మత్తు, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు కలుగవచ్చును. నికోటిన్ పట్టీ కోరికను తగ్గించును గాని, ఈ ఎంజైమును పెంచదు. కావున పట్టీ వాడినను మోతాదును సరిచూడవలసినదే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల నుండి ఒక రోగి హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రిలో చేరెననుకొందము. అచ్చట బీడీ లేని దినములకు సరిపడునట్లు మోతాదు నిర్ణయింతురు. నయమై ఇల్లు చేరును. ఊరిలో, ముఖ్యముగా తునికాకు కోసెడి అడవి పల్లెలలో, బీడీ అరుదైన వస్తువు కాదు. అతడు మరల త్రాగసాగినచో అదే మందు చాలకపోవును, వ్యాధి తిరుగబెట్టవచ్చును. అప్పుడు ఇంటివారు మందునో, రోగినో నిందింతురు.

చేరునప్పుడును, ఇంటికి పంపునప్పుడును రోజుకు ఎన్ని బీడీలని అడిగి వ్రాసికొననిదే నిషేధము పూర్తికాదు. అలవాటు మారినపుడు ఇంటివారు వైద్యునికి చెప్పవలెను. మోతాదును తామై మార్చరాదు.